ఆల్ఫా గాల్ అలర్జీ ఉంటే పాకెట్ మీద ఏం చూడాలి?

నార్త్ కరోలినా, వర్జీనియా, టెన్నెసీ, మిస్సోరి వైపు కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామంది ఈ అలర్జీ పేరు ఇక్కడికి వచ్చాకే వింటారు. లోన్ స్టార్ టిక్ అనే పిడుదు కుట్టాక, కొందరికి ఆల్ఫా గాల్ అనే చక్కెర పడకుండా పోతుంది. అది మేక, గొర్రె, ఆవు, పంది మాంసంలో ఉంటుంది. కోడిలో, చేపలో ఉండదు. సాధారణంగా తిన్న 2 నుంచి 6 గంటల తర్వాత దద్దుర్లు, కడుపునొప్పి మొదలవుతాయి. రాత్రి మటన్ బిర్యానీ తిని పడుకున్న మనిషి నడిరాత్రి ఒళ్లంతా దురదతో లేస్తే, బిర్యానీ మీద అనుమానం కూడా రాదు. మా ఆయనకు ఈ అలర్జీ ఉంది కాబట్టి ఇంటికి వచ్చే ప్రతి పాకెట్టూ నేనే తిప్పి చదువుతాను.

మటన్ మానేయడం తేలికే, పాకెట్లతోనే అసలు టెన్షన్. అమెరికాలో పాలు, గుడ్లు, గోధుమ, నువ్వులు వంటి 9 అలర్జీ పదార్థాల పేర్లు లేబుల్ మీద తప్పనిసరిగా వేయాలి. ఆల్ఫా గాల్ ఆ జాబితాలో లేదు. అందుకే ‘కంటెయిన్స్’ అని ఉన్న లైను చూసి ఊరుకోకండి, ఇంగ్రీడియెంట్స్ మొత్తం చదవండి. జెలటిన్ అని కనిపిస్తే, చేపదని రాసి ఉంటే తప్ప వదిలేయండి. మార్ష్‌మాలోలు, గమ్మీ విటమిన్లే కాదు, కొన్ని యోగర్ట్ డబ్బాల్లోనూ అది ఉంటుంది. లార్డ్ అంటే పంది కొవ్వు, టాలో అంటే ఎక్కువగా ఆవు కొవ్వు. డబ్బాలో వచ్చే రీఫ్రైడ్ బీన్స్ శాకాహారమే కదా అని పిల్లలకు పెట్టేస్తాం, కొన్నిట్లో లార్డ్ ఉంటుంది. చికెన్ సాసేజ్ అయితే పైన తొడుగు ఏదో చూడండి, కొన్నిటికి పంది పేగు వాడతారు.

ఇండియన్ స్టోర్లో పచ్చచుక్క ఉన్న సరుకులో మాంసం, జెలటిన్ ఉండవు. కానీ పాలు, నెయ్యి ఉండొచ్చు. అవి కొందరికి పడతాయి, కొందరికి పడవు. మీకు పడతాయో లేదో అలర్జీ డాక్టర్ దగ్గర తేల్చుకోండి, ఊహించుకుని నెయ్యి మానేయొద్దు. వీగన్ అని ఉన్నా క్యారజీనన్ ఉందేమో చూడండి. అది సముద్రపు నాచు నుంచి తీసేదే అయినా కొందరికి పడదు. కొన్ని బాదంపాల డబ్బాల్లో కనిపిస్తుంది.

నేచురల్ ఫ్లేవర్స్, గ్లిసరిన్, మోనో అండ్ డైగ్లిజరైడ్స్ అని ఉంటే అవి మొక్కలవో జంతువులవో పేరును బట్టి తెలియదు. కంపెనీకి ఈమెయిల్ పెట్టి, ‘ఇందులో ఆవు, పంది, గొర్రె నుంచి తీసినది ఏమైనా ఉందా?’ అని సూటిగా అడగండి. జవాబు రాకపోతే కొనొద్దు. ఎప్పుడూ కొనే సరుకైనా మళ్లీ చదవండి, చెప్పకుండా తయారీ మార్చేస్తుంటారు.

చాలా మందుల క్యాప్సూల్స్‌లోనూ జెలటిన్ ఉంటుంది. ప్రిస్క్రిప్షన్ ఇచ్చేటప్పుడే ఫార్మసిస్టుకు అలర్జీ సంగతి చెప్పండి, ఫైల్లో రాయించండి. డాక్టర్ ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ రాసిస్తే అది బ్యాగులోనే ఉండాలి. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడిపోతున్నట్టున్నా వెంటనే ఇంజెక్షన్ వేసి 911కు ఫోన్ చేయండి.