బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడ కింద ఎందుకు మెరవదు?

ప్రశ్న: చార్మినార్ చూసి వస్తూ, పత్తర్‌గట్టీ దగ్గరున్న బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు వెళ్ళాము. గోడల మీది రంగు పింగాణీ పని చూసి కదలబుద్ధి కాలేదు. అయితే కింది భాగంలో కొంతమేర అదే నమూనా మెరుపు లేకుండా, ఉత్త రంగు పూసినట్టు కనిపించింది. తరువాతివాళ్ళు నాసిరకంగా బాగుచేసి వదిలేశారా? ఇంతకీ ఈ కట్టడం దేనికోసం కట్టినది?
— ఒక పాఠకురాలు, వరంగల్లు

జవాబు: మీరు సరిగానే గమనించారు, అక్కడ ఉన్నది పింగాణీ కాదు, గోడ మీద వేసిన రంగే. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహా వరదలో, నదికి దక్షిణాన ఎంతో దూరం లేని ఈ కట్టడం కూడా మునిగి, గోడల కింది భాగం దెబ్బతిన్నది. పలకలు పోయిన చోట తరువాత పాత నమూనాను అనుసరించి రంగులతో చిత్రించారు.

పింగాణీతోనే ఎందుకు పూడ్చలేదని మీకు అనిపించవచ్చు. ఇవి ఒక పలక మీద బొమ్మ గీసి కాల్చినవి కావు. పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు, ఇలా ఒక్కో రంగును విడిగా కాల్చి, ఆ ముక్కలను ఆకు వంపుకో అక్షరం ఒంపుకో సరిపోయేలా కోసి, పక్కపక్కన పొదిగి గచ్చులో కూర్చిన పని ఇది. ఇరాన్ నుంచి వచ్చిన పద్ధతి. అందుకే పైభాగంలో పసుపూ నీలమూ కలిసే చోట వెంట్రుకంత అతుకు కనిపిస్తుంది. కింద రంగు వేసిన చోట ఆ అతుకు ఉండదు, కుంచె గీత మాత్రమే ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న. మన పల్లెల్లో పీర్ల చావిడి ఏమిటో, నగరంలో ఆషూర్‌ఖానా అది. మొహర్రం నెల పదో రోజైన ఆషూరా నుంచి ఆ పేరు వచ్చింది; కర్బలా అమరుల స్మృతిలో పీర్లను, అంటే అలంలను, ఇక్కడ నిలుపుతారు. హైదరాబాదు నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్‌షా, 1591 నాటి చార్మినార్ తరువాత కొద్ది ఏళ్ళకే దీనిని కట్టించగా, పింగాణీ అలంకరణ 1611 నాటికి పూర్తయింది. 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాక కట్టడం ఆలనాపాలనా లేక పాడుబడి, రెండవ ఆసఫ్‌జా నిజాం అలీ ఖాన్ కాలంలో మళ్ళీ కళకళలాడింది. మీరు లోపలికి దాటి వెళ్ళిన ఎత్తైన కొయ్య స్తంభాల చావడి ఆయన కాలానిదే, అంటే గోడకన్నా సుమారు రెండు వందల ఏళ్ళు చిన్నది.

కనుక ఆ రంగు పూతను నాసిరకమనడానికి నాకు మనసొప్పదు. చేసినవారు పింగాణీ అని నమ్మించాలనుకోలేదు. నమూనా తెగిపోకుండా కాపాడారు. ఇప్పుడు దానిని గీకేసి కొత్త పలకలు అతికిస్తే, వరద ఎంతమేర తిన్నదో చెప్పే ఆనవాలు కూడా పోతుంది.

మరోసారి వెళ్ళినప్పుడు మధ్య గూటిలో పింగాణీతోనే తీర్చిన అలం ఆకారాన్ని తీరికగా చూడండి. ఆ తరువాత ఒక పక్కకు జరిగి, గోడ వెంబడి ఏటవాలుగా చూపు సారించండి: వెలుతురు ముక్కల మీద తళుక్కుమంటూ వచ్చి, రంగు పూత మొదలయ్యే చోట ఆగిపోతుంది. చేత్తో మాత్రం తడమకండి.