చీకటిలో ముగిసే కీర్తన కూడా బైబిల్లోనే ఉంది

ఈ నెల ఉత్తరాల్లోంచి నాలుగు తీసుకున్నాను. మొదటిది చదివాక రెండు రోజులు పక్కన పెట్టేశాను, కోపంలో జవాబు రాస్తే బాగుండదని. అయినా కొంచెం మిగిలింది, సర్దుకుని చదవండి. కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట: నేను పాస్టరమ్మను కాను, వేదాంత కళాశాల మెట్లు ఎక్కలేదు. ముప్ఫై ఏళ్లకు పైగా నర్సుగా చేసి రిటైరయ్యాను. నాకు తెలిసిన బైబిలు చాలావరకు నైట్ డ్యూటీల్లో చదివిందే.

ప్రశ్న: అక్కయ్య గారికి వందనాలు. మా ఆయనకు నలభై నాలుగేళ్లు. రెండు కిడ్నీలూ పాడై ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్తున్నాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దానం కార్డు మీద కూడా స్వస్థత వాక్యమే ఉంది. పోయిన నెల మా ఊరికి వచ్చిన ఒక సేవకుడు నూనె రాసి ప్రార్థన చేసి, "నీ అవిశ్వాసం వల్లే నీ భర్త బాగుపడటం లేదు, సూదుల మీద ఆధారపడితే దేవుడెలా కార్యం చేస్తాడు" అన్నాడు. ప్రత్యేక కానుక అడిగితే చెవికమ్మలు ఇచ్చేశాను. ఇప్పుడు మోకరిస్తే ఏడుపు తప్ప మాట రావడం లేదు. డయాలసిస్ మానేయాలా? నిజంగానే నాలో విశ్వాసం లేదా?
(ఒక సోదరి, బాపట్ల జిల్లా)

జవాబు: డయాలసిస్ మానొద్దు చెల్లీ. ఒక్కసారి కూడా. మిగతావన్నీ ఆ తర్వాతే. మీ ఆయన కిడ్నీలు చేయాల్సిన పనిని ఆ మిషన్ నాలుగేసి గంటలు కూర్చుని చేస్తోంది. అది ఆగితే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు, దానికి నెలలు పట్టదు, రోజులు చాలు. సూది మానేయమన్నాయన ఆ రాత్రి మీ ఇంట్లో ఉండడు, ఇంకో ఊళ్లో మైకు పట్టుకుని ఉంటాడు.

మందు వాడితే దేవుడికి కోపమొస్తుందని బైబిల్లో ఎక్కడుంది? హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఉన్నప్పుడు, ఇంకో పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే కబురు పంపాడు. అంత కబురు మోసుకొచ్చిన యెషయా ప్రవక్తే, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. పౌలుకు తోడుగా ఉన్న లూకా వైద్యుడు. తిమోతికి కడుపునొప్పి తరచుగా వస్తుంటే పౌలు దానికి ఇంటివైద్యం చెప్పాడే కానీ నీకు విశ్వాసం తక్కువ అనలేదు. ఇంకోచోట, తన తోటివాడు త్రోఫిముకు జబ్బు చేస్తే మిలేతులో వదిలిపెట్టి వచ్చానని ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నాడు. పౌలంతటి వాడు తన ఒంట్లో ముల్లులాంటి బాధ గురించి మూడుసార్లు ప్రాధేయపడితే ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. ఆ మాట మనం స్టిక్కర్లు వేయించి ఆటోల వెనక అంటించుకుంటాం కానీ, అది అడిగింది దొరకని మనిషికి వచ్చిన జవాబని మర్చిపోతాం.

ఇక విశ్వాసం సంగతి. మూర్ఛరోగం ఉన్న కొడుకును ఒక తండ్రి శిష్యుల దగ్గరికి తెచ్చాడు, వాళ్ల వల్ల కాలేదు. మా వల్ల ఎందుకు కాలేదని తర్వాత శిష్యులు అడిగితే యేసు ఏమన్నాడు? "మీ అల్పవిశ్వాసముచేతనే" అన్నాడు. ఎవరి విశ్వాసం అది? ప్రార్థన చేసినవాళ్లది! ఆ లెక్కన నూనె రాసినాయన ముందు తన విశ్వాసం సంగతి చూసుకోవాలి, నీ కమ్మల సంగతి తర్వాత. ఆ తండ్రి అయితే దాచుకోకుండా చెప్పేశాడు, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని. సగం నమ్మకం, సగం భయం. అంత మాత్రానికే కొడుకు బాగుపడ్డాడు. నీ భర్త ఇంకా బాగుపడలేదు, ఎందుకో నాకు తెలియదు, తెలుసని ఎవరైనా చెప్తే వాళ్లకు దూరంగా ఉండు.

వాగ్దానం కార్డు గురించి కూడా చెప్తాను, కొందరికి కోపం వస్తుందేమో. మా ఇంట్లో బీరువా తలుపుకు పద్నాలుగేళ్ల కార్డులు అతికించి ఉన్నాయి, నాకూ ఇష్టమే. వాక్యం దేవుడిదే, కాదనను. కానీ ప్రెస్సులో వందల కొద్దీ వేయించి బుట్టలో కలిపి తీసిన కార్డును, మీ ఆయన కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రిపోర్టుతో పక్కపక్కన పెట్టి చూసుకుంటూ కుమిలిపోవద్దు.

మాట రావడం లేదన్నావు. కీర్తనల గ్రంథం తియ్యి. 13వ కీర్తన ఎలా మొదలవుతుంది? "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" స్తోత్రంతో కాదు, దెప్పిపొడుపుతో. 88వ కీర్తన ఇంకా ఘాటు. మిగతా కీర్తనల్లో ఏడుపు మొదలైనా చివర్లో ఎక్కడో ఒక వెలుగు కనబడుతుంది, ఇందులో అదీ లేదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసిపోతుంది. నైట్ డ్యూటీలో మొదటిసారి దాన్ని చివరిదాకా చదివినప్పుడు ఇంకో పేజీ ఉందేమోనని తిప్పి చూశాను. లేదు. దాన్ని బైబిల్లోంచి తీసేయకుండా ఉంచారంటే అలా ఏడ్చేవాళ్లు కూడా ఇంట్లోవాళ్లేనని అర్థం. మనకు ఏలాగు ప్రార్థన చేయాలో తెలియనప్పుడు ఆత్మే "ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో" మన కోసం విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. నీ ఏడుపు ఆ మూలుగే.

నేను డయాలసిస్ వార్డులో ఉన్నప్పుడు ఒకావిడ ఉండేది, ఊరు చెప్పను. వాళ్లాయనకు రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని లెక్క కదా, అర లీటరు బాటిల్ మీద బాల్‌పెన్నుతో గీతలు గీసేది. ఒక గీత దాకా తాగించి "ప్రభువా" అనేది. మళ్లీ గంటకో రెండు గంటలకో ఇంకో గీత, ఇంకోసారి "ప్రభువా". సాయంత్రానికి ఐదో ఆరో అయ్యేవి. మీరు ప్రార్థన బాగా చేస్తారమ్మా అంటే, నాకు ప్రార్థన రాదమ్మా, స్త్రీల సమాజంలో నన్ను చేయమంటే నోరు పెగలదు అంది. అంతకంటే పెద్ద ప్రార్థన నేను ఏ కూడికలోనూ వినలేదు.

కమ్మల సంగతి సంఘ పెద్దలతో చెప్పు, సిగ్గుపడకు. తిరిగి రాకపోవచ్చు. కానీ మందులు మానమన్నాడన్న మాట మాత్రం మీ పాస్టరు గారి చెవిన పడాలి, పక్కింట్లో షుగరు ఉన్నవాళ్లెవరైనా ఇన్సులిన్ మానేయకముందే. శుక్రవారం ఉపవాసాలు కూడా కొన్నాళ్లు ఆపు, మనిషిని చూసుకునేదానివి నువ్వు కూడా తినాలి. ఏలీయా చచ్చిపోతాను ప్రభువా అని బదరీవృక్షం కింద పడుకుంటే దేవదూత ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు పెట్టి, లేచి తిను అన్నాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినమన్నాడు.

ప్రశ్న: మేడం, మాది హిందూ కుటుంబం. రెండేళ్లు వరుసగా మిర్చి దెబ్బకొట్టి అప్పుల్లో ఉన్నాం. స్నేహితుడు చర్చికి తీసుకెళ్తే అక్కడ కూర్చున్నంతసేపూ గుండె మీద బరువు దిగినట్టుంది. ఇప్పుడు రోజూ రాత్రి యేసు ప్రభువును తలుచుకుని పడుకుంటున్నాను. కానీ కష్టం వచ్చిందని దేవుణ్ణి పట్టుకోవడం స్వార్థం కాదా? అమ్మకు ఎలా చెప్పాలో కూడా తెలియడం లేదు.
(ఇరవై ఆరేళ్ల యువకుడు, ప్రకాశం జిల్లా)

జవాబు: తమ్ముడూ, మీ జిల్లాలోనే దీనికి పాత జవాబు ఉంది. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువులో, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, జనానికి కూలి దొరకాలని బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఊరు అంటరానివాళ్లని దూరం పెట్టిన మాదిగ కుటుంబాలవాళ్లు. పగలు తవ్వకం, సాయంత్రం వాక్యం. మేం నమ్మాం, బాప్తిస్మం ఇవ్వండి అని జనం అడుగుతుంటే ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారనే మాట పడకూడదని, కరువు పని ముగిసేదాకా ఆగమన్నాడు. పని ముగిసింది, కూలీ ఆగిపోయింది, అయినా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

కష్టం వాళ్లను తలుపు దాకా తెచ్చింది. కష్టం తీరాక కూడా నిలబడ్డారా లేదా అన్నదే క్లౌ చూశాడు. నువ్వూ అదే చెయ్యి. యేసు కూడా రొట్టెల కోసం నన్ను వెతుకుతున్నారని జనాన్ని నిలదీశాడు, నిజమే, కానీ ముందు రోజు కడుపునిండా పెట్టింది కూడా ఆయనే. ఆకలితో వచ్చావని ఆయన తలుపేసుకోడు. ఇంకొక సంగతి, చర్చికి వెళ్తే అప్పు తీరుతుందని నీకెవరైనా చెప్తే నమ్మకు. బ్యాంకు దగ్గరికి వెళ్లి రీషెడ్యూల్ సంగతి అడుగు, పంట బీమా కాగితాలు చూసుకో.

అమ్మ విషయంలో తొందరపడకు. కొత్త విశ్వాసం ఊపులో ఇంట్లో దేవుడి పటాల జోలికి వెళ్లడం, పండగ పూట ప్రసాదం పెడితే విసురుగా తోసేయడం, ఇలాంటివి చేసి అమ్మ మనసు విరిచినవాళ్లను చూశాను. ఇది ఆరు నెలల్లో తేలే విషయం కాదు. గుండె బరువు దిగుతోందన్న మాట నాకు రాసినట్టే అమ్మకూ చెప్పు, మతం మాట తర్వాత.

ప్రశ్న: అక్కా, కువైట్‌లో ఇంటిపని చేస్తున్నాను, వచ్చి మూడేళ్లు. మేడం బయటికి పంపదు, పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉంది. శుక్రవారం మన తెలుగువాళ్ల ఆరాధనకు వెళ్లాలని ఉంటుంది, కుదరదు. రాత్రి దుప్పటి కప్పుకుని ఫోన్‌లో వాక్యం వింటూ నిద్రపోతాను. దేవుడు ఇక్కడ లేడేమో అనిపిస్తుంది.
(రాజంపేట వైపు అమ్మాయి)

జవాబు: అమ్మా, హాగరు కథ విను. పరాయి దేశంలో, పరాయి ఇంట్లో దాసి. యజమానురాలి పోరు పడలేక అరణ్యంలోకి పారిపోతే దేవదూత నీళ్ల ఊట దగ్గర కలిసి ఎక్కడినుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ అడగని ప్రశ్న అది. ఆమె దేవుడికి ఒక పేరు పెట్టింది, చూచుచున్న దేవుడు అని. ఆ పేరు పెట్టింది అబ్రాహాము కాదు, పనిమనిషి. నీ దుప్పటి కింద కూడా ఆయనే ఉన్నాడు, మందిరానికి వెళ్లలేకపోవడం నీ తప్పు కాదు.

నీ ఇష్టం లేకుండా పాస్‌పోర్టు వాళ్లు పెట్టుకోకూడదు. కువైట్‌లో 2015లో వచ్చిన ఇంటిపనివాళ్ల చట్టం ప్రకారం అది నీ దగ్గరే ఉండాలి, వారానికి ఒకరోజు సెలవు కూడా ఉంది. జీతం ఆపినా, కొట్టినా భారత రాయబార కార్యాలయానికి చెప్పు. ఇక్కడినుంచి మీవాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో మీ అన్నకో తమ్ముడికో ఈరోజే పంపించి ఉంచు, నీ దగ్గర లేకపోతే ఊళ్లో జిరాక్సు ఉందేమో కనుక్కో.

ప్రశ్న: మా స్నేహితురాలి నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ఆదరణ కూడికలో నన్ను రెండు మాటలు చెప్పమంటున్నారు. ఏ వాక్యం చెప్పాలి?
(హైదరాబాద్)

జవాబు: చెప్పకు. పిల్లల్ని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే, నోరు తెరిచాకే చెడిపోయారు. మా రెండోవాడు పోయినప్పుడు "దేవుడికి మంచి పువ్వు కావాల్సి వచ్చింది, కోసుకున్నాడు" అని ఒకాయన మైకులో అన్నాడు. పదకొండు నెలలు నేను చర్చి మెట్లెక్కలేదు. తప్పదంటే స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడన్న ఒక్క వచనం చదివి కూర్చో. కాసేపట్లో వాణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడాయన.

బంధువులంతా వెళ్లిపోయాక, ఓ పదో రోజున క్యారేజీలో అన్నం, చారు పెట్టుకుని వెళ్లు. గ్యాసు ఉందో లేదో చూడు, బట్టలు మడతపెట్టు. మూడో నెలలో మళ్లీ వెళ్లు, అప్పటికి అందరూ మర్చిపోయి ఉంటారు. బాబు పేరు నువ్వే ముందు ఎత్తు. ఎవరైనా ఎత్తుతారేమోనని ఆ తల్లి ఎదురుచూస్తూ ఉంటుంది.