అవ్వా అవ్వా, బువ్వెందుకు పెట్టలేదు?

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. మామగారు పోయాక ఏడాదిగా అత్తగారు మా దగ్గరే ఉంటున్నారు, వాళ్ళది తెనాలి దగ్గర పల్లెటూరు. మా బాబుకి ఆరేళ్ళు. రోజూ రాత్రి వాడికి కథలు చెప్తారు, అన్నీ గయ్యాళి కోడళ్ళ కథలే. మొన్న చుట్టాల ముందు వాడు "అమ్మా, నువ్వు నానమ్మకి కారప్పొడి అన్నమే పెడతావా?" అన్నాడు, తల కొట్టేసినట్టయింది. ఏడు చేపల కథ కూడా ఆవిడ ఇష్టమొచ్చినట్టు మార్చేస్తారు, కొడుకు పలకరించలేదని అవ్వ పొయ్యే వెలిగించలేదట! మా ఆయనకి చెప్తే మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగొద్దంటారు. బాబుకి ఇంగ్లీషు స్టోరీస్ యాప్ పెట్టి ఈ కథలు మాన్పించేద్దామనుకుంటున్నా. ఆవిడ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

జవాబు: ఎలాగూ చెప్పొద్దు. మాన్పించొద్దు. యాప్ కూడా వద్దు, ఇంగ్లీషు సంగతి స్కూల్ వాళ్ళు చూసుకుంటారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడు చేసేదదే కదా. మీరడిగిన ప్రశ్నకి నా జవాబు ఇంతే.

ఇప్పుడు మీరు అడగనిది. అంత పెద్ద ఉత్తరంలో మీరు చిరాగ్గా రాసి వదిలేసిన ముక్క ఒకటుంది, ఏడు చేపల కథ మార్చేశారన్నది. నేనక్కడే ఆగిపోయాను. కథ మీకూ తెలుసు, నాకూ తెలుసు. చేప గడ్డిమోపు మీద చెప్తుంది, గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద, వాడు అవ్వ మీద, అలా ఒకళ్ళ మీద ఒకళ్ళు చెప్పుకుంటూ చీమ దాకా పోవాలి. అవ్వ ఏం చెప్పాలి? పిల్లాడు ఏడ్చాడని చెప్పాలి. మీ అత్తగారు సరిగ్గా అక్కడే కథ మళ్ళించేశారు, కొడుకు పలకరించలేదు అన్నారు. ఇక పిల్లాడూ లేడు, చీమా లేదు, పుట్టా లేదు, కథ అక్కడితో అయిపోయింది. మీరేమో కారప్పొడి దగ్గర ఆగిపోయారు.

గయ్యాళి కోడలు ప్రతి ముసలమ్మ కథలోనూ ఉంటుందమ్మా, రాక్షసుడూ పేదరాశి పెద్దమ్మా ఉన్నట్టే, అది మీరే అనుకుని ఉడుక్కోవద్దు. కానీ తెలిసిన కథలో ఒక ముక్క మారిందంటే దాన్ని పట్టించుకోవాలి. పుస్తకంలో కథ ఎవరు చదివినా ఒకేలా ఉంటుంది, నోటి కథ అలా కాదు, చెప్పేవాళ్ళ మనసులో ఏముంటే అది వచ్చి చేరిపోతుంది, వాళ్ళకే తెలియకుండా కూడా. మా అమ్మమ్మ ఎండాకాలం డాబా మీద పక్కలేసి, రాణీగారి కాసులపేరు రాజుగారు తాకట్టు పెట్టేసిన కథ చెప్పేది, రాణి ఎంత ఏడ్చిందో రోజుకో రకంగా చెప్పేది. ఆ రాజుగారు మా తాతయ్యేనని నాకు పాతికేళ్ళొచ్చాక గానీ తెలీలేదు. ఆయన మొహం మీద ఒక్క మాట అని ఎరగదు ఆవిడ. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎదురుగా అనలేనివన్నీ తిరగలి దగ్గరో, రోకలి దగ్గరో పాటలో పెట్టి అనేసేవాళ్ళు. ఇప్పుడు తిరగలీ లేదు రోకలీ లేదు, మీ ఇంట్లో ఆరేళ్ళ పిల్లాడున్నాడు.

పైగా తెనాలి వైపు అంటున్నారు. పొన్నెకల్లు నాజర్ గారి బుర్రకథలకి ఊగిపోయిన గడ్డ అది, ఆయనకి 1986లో పద్మశ్రీ వచ్చింది. బుర్రకథలో కథకుడు వీరుడి కథ చెప్తుంటే పక్కన వంత పాడేవాళ్ళలో ఒకడు నవ్విస్తాడు, ఇంకొకడు సందు చూసి ఇప్పటి రాజకీయం జొప్పిస్తాడు, అంటే పాత కథలో నేటి గొడవ పెట్టి చెప్పడం మనకి కొత్తేం కాదు. అందుకే అప్పట్లో మద్రాసులో బ్రిటిష్ వాళ్ళూ ఇక్కడ నిజాం సర్కారూ బుర్రకథ మీద నిషేధం పెట్టారు, పెట్టి ఏం సాధించారు? మీరిప్పుడు యాప్ పెట్టి చేద్దామనుకుంటున్నదీ అదే. ఆవిడ రాత్రి మానేసి మధ్యాహ్నం చెప్తారు, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు.

అసలు విషయానికొస్తా. ఇది అత్తాకోడళ్ళ గొడవ కాదు, తల్లీకొడుకుల గొడవ. నలభై యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి పోయాడు, ఊరూ ఇల్లూ వదిలి వచ్చింది, కన్నకొడుకు పక్క గదిలోనే ఉంటాడు, పలకరింపు మాత్రం లేదు. "మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగొద్దు" అట! ఆయన మధ్యలో లేకపోతే మీకూ ఆవిడకీ చుట్టరికం ఎక్కడినుంచి వచ్చిందండీ? తల్లికి మందులు తెచ్చిపడేస్తే, ఏసీ గది ఇచ్చేస్తే కొడుకు పని అయిపోయిందనుకునే మగవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట, దాచుకోను. మీకూ ఒక మాట, ఇన్నాళ్ళూ ఆయన చెయ్యాల్సిన పలకరింపులన్నీ మీరే చేసి, మాటలు మీరే పడి, ఆయనకి సుఖం అలవాటు చేశారు. మానెయ్యండి. ఆయన తరఫున ఆవిడకి ఏ కబురూ మొయ్యకండి, ఆవిడ తరఫున ఆయనకీ వద్దు.

ఈ శనివారం నుంచి పది రాత్రుళ్ళు, కథ టైముకి మీ ఆయన్ని ఆ గదిలో కూర్చోమనండి, ఫోన్ హాల్లో పెట్టేసి. ఏం మాట్లాడక్కర్లేదు, "అమ్మా నీకేం తక్కువైంది" లాంటి డైలాగులు అసలొద్దు, ఊ కొడితే చాలు. వీడియో తీస్తా, దాచుకుందాం అని మొదలుపెడతారేమో, అదీ వద్దు, కెమెరా చూస్తే ఆవిడ బిగుసుకుపోతారు. మీరు ఆ గదిలోకి వెళ్ళకండి, హాయిగా పడుకోండి. బాబు మళ్ళీ కారప్పొడి అంటే నవ్వేసి, రేపు నానమ్మ కంచంలో నువ్వే వడ్డించరా అనండి, వాడికే తెలుస్తుంది ఏం పెడుతున్నారో.

సుభద్ర నిద్రపోతే కడుపులో పిల్లాడు ఊ కొట్టాడనీ, ఆ ఊ వినబడినంతసేపూ కృష్ణుడు పద్మవ్యూహం గురించి చెప్తూనే ఉన్నాడనీ మన పెద్దవాళ్ళు చెప్తారు కదా. మీ బాబు ఎలాగూ సగం కథలోనే నిద్రపోతాడు. వాడు నిద్రపోయాడు కదా అని లేచి వచ్చెయ్యొద్దని మీ ఆయనకి గట్టిగా చెప్పండి. అక్కడే కూర్చుని ఊ కొడుతూ ఉండమనండి.