అరువు తెచ్చిన ట్రెయిలర్, కదలని కారు

ప్రశ్న: తీరిక వేళల్లో బాగుచేసుకుందామని ఒక పాత కారు కొన్నాను. ఏళ్ల తరబడి ఒకే చోట నిలిచిపోవడంతో ఇంజను స్టార్ట్ కావడం లేదు, వెనక చక్రం ఒకటి బిగుసుకుపోయింది, ముందు టైర్లు రెండింటిలోనూ గాలి నిలవడం లేదు. కారు బరువు సుమారు 1200 కిలోలు. దాన్ని 160 కిలోమీటర్ల దూరం తీసుకురావాలి. మిత్రుడొకరు తన రెండు ఇరుసుల ట్రెయిలర్ ఇస్తానన్నారు. దాని ఖాళీ బరువు 800 కిలోలట. కారును ఎక్కించడంలో, కట్టడంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మీ ప్రశ్న అంతా కారు గురించే ఉంది, నాకు మాత్రం ట్రెయిలర్ మీదే ఎక్కువ అనుమానం. కారులో ఉన్న లోపాలన్నీ మీకు తెలుసు, వాటికి సిద్ధపడే వెళ్తారు. ఎండకూ వానకూ పెరట్లో పడి ఉన్న ట్రెయిలర్ లోపాలు బరువు ఎక్కి వేగం అందుకునేదాకా బయటపడవు. మీ మిత్రుడు ‘పోయినసారి బాగానే నడిచింది’ అని నిజాయితీగానే చెప్పవచ్చు గాని, ఆ పోయినసారి ఎన్నేళ్ల కిందటిదో ఆయనకూ గుర్తుండకపోవచ్చు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత ఇలాంటి చోటే గుర్తుకొస్తుంది. అందువల్ల బయలుదేరే ఉదయం కాకుండా, ముందు రోజే వెలుతురు ఉండగా వెళ్లి దాన్ని చూడండి.

మొదట టైర్లు చూడండి. ట్రెయిలర్ టైర్లు అరిగిపోయి చెడటం కంటే వయసు మీరి చెడటమే ఎక్కువ కాబట్టి, గాడులు లోతుగా ఉన్నాయని సంతోషపడకుండా పక్కగోడల మీద సన్నని పగుళ్లు ఉన్నాయేమో వెతకండి. పక్కగోడ మీద ఉండే తయారీ సంకేతంలో చివరి నాలుగు అంకెలు వారాన్నీ సంవత్సరాన్నీ తెలుపుతాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం అని అర్థం. తర్వాత ఒక్కొక్క చక్రాన్నీ జాకీతో లేపి చేత్తో తిప్పండి. గరగరమన్నా, పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆడినా బేరింగులను విప్పి చూడవలసిందే. వెనక దీపాలు వెలగకపోతే బల్బులు మార్చే ముందు ఎర్త్ తీగ తుప్పు పట్టిందేమో చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, మీ బండి వెనక ట్రెయిలర్‌ను తగిలించే గుండు (బాల్), దాని మీద కూర్చునే ట్రెయిలర్ ముందు కొస (కప్లర్) ఒకే కొలతవి కావాలి. 2 అంగుళాల బాల్ మీద 2 5/16 అంగుళాల కప్లర్ చక్కగా కూర్చున్నట్టే కనిపించి, మొదటి పెద్ద కుదుపుకు లేచి వచ్చేస్తుంది. కప్లర్ బిగించాక ట్రెయిలర్ ముందు జాకీని తిప్పి పైకి లేపి చూడండి. దానితో పాటు మీ బండి వెనక భాగం కూడా లేస్తేనే పట్టు దొరికినట్టు. సేఫ్టీ చైన్లను కప్లర్ కింద ఒకదానికొకటి అడ్డంగా వేస్తే, కప్లర్ ఊడినా అది నేలను తాకకుండా ఆ చైన్ల మీదే ఆగుతుంది.

ఇక బరువు సంగతి. కారు, ట్రెయిలర్ కలిపితే 2000 కిలోలు. కారుతో పాటు వచ్చే విడిభాగాలూ పనిముట్లూ కలిపితే ఇంకొంచెం ఎక్కువ. మీ బండి ఎంత లాగగలదో దాని పుస్తకంలో చూడండి, ట్రెయిలర్ తన బరువుతో కలిపి మొత్తం ఎంత దాకా ఉండవచ్చో దాని పలక మీద చూడండి. ఆ రెండింటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు. మొత్తం ట్రెయిలర్ బరువులో సుమారు పదో వంతు, అంటే మీ విషయంలో 200 కిలోల దాకా, ముందున్న బాల్ మీద పడాలి. అయితే ఆ బాల్‌కు తయారీదారు ఇచ్చిన పరిమితిని అది దాటకూడదు. కారును ఇంజను ముందుకు ఉండేలా ఎక్కించి, కొద్దికొద్దిగా జరుపుతూ ఈ తూకం సాధించాలి. బాల్‌కూ ఇరుసుల మధ్యభాగానికీ నాలుగు మీటర్ల దూరం ఉందనుకుంటే, 1200 కిలోల కారును పది సెంటీమీటర్లు ముందుకు జరిపినంత మాత్రాన బాల్ మీద 30 కిలోలు పెరుగుతాయి. స్నానాల గది తూకం యంత్రంతోనే దీన్ని కొలవవచ్చు. గట్టి చెక్క దూలం ఒక కొసను ఇటుక మీద, మరో కొసను మూడు అడుగుల దూరంలో తూకం మీద ఆనించి, ట్రెయిలర్ ముక్కును ఇటుకకు ఒక అడుగు దూరంలో దూలం మీద దించండి. ముందుగా దూలం వల్ల వచ్చే అంకెను తీసివేసి, మిగిలినదాన్ని మూడుతో గుణిస్తే సరిపోతుంది. తూకం వేసేటప్పుడు ట్రెయిలర్ మట్టంగా ఉండాలి, చక్రాలకు అడ్డుకట్టలు ఉండాలి.

ఎక్కించే ముందు స్టీరింగ్ తాళం చెవి అమ్మినవారి దగ్గర అడిగి తీసుకోవడం మరువకండి. అది లేకపోతే ముందు చక్రాలు వంకరగా బిగుసుకుని ఉన్నప్పుడు కారు మీ మాట వినదు. ముందు టైర్లలో కాసేపైనా నిలిచేలా గాలి నింపండి, లేదా అదే బోల్టుల అమరిక ఉన్న వేరే చక్రాలు తీసుకెళ్లండి. బిగుసుకున్న వెనక చక్రానికి హ్యాండ్ బ్రేకు కేబులును వదులు చేసి, డ్రమ్ము చుట్టూ సుత్తితో మెల్లగా తట్టి చూడండి. అప్పటికీ తిరగకపోతే సబ్బునీళ్లు పోసిన నున్నటి పలక మీద ఆ టైరును జార్చుకుంటూ లాగవచ్చు.

కారు ఇరుసులను దాటే వరకు దాని బరువంతా ట్రెయిలర్ తోక మీదే ఉంటుంది. ముక్కు పైకి లేస్తూ మీ బండి వెనక చక్రాలను కూడా లేపుతుంది. సాధారణంగా హ్యాండ్ బ్రేకు పట్టేది ఆ వెనక చక్రాలనే కాబట్టి, బ్రేకు వేశానన్న ధీమా అక్కడ పనికిరాదు. ట్రెయిలర్ తోక కింద దుంగలు పెట్టండి, మీ బండి ముందు చక్రాలకూ అడ్డుకట్టలు వేయండి. వించ్‌తో, అంటే తాడును చుట్టుకుంటూ లాగే యంత్రంతో, లాగుతున్నంతసేపూ కారు వెనక గాని, తాడు ఉన్న వరుసలో గాని ఎవరూ నిలబడకూడదు. తాడు మీద బరువైన గోనెసంచి కప్పితే, అది తెగినా కొరడాలా కొట్టే వేగం కొంత తగ్గుతుంది. ఇంజను నడవని కారులో బ్రేకు పెడల్‌కు తొక్కే బలాన్ని పెంచే వాక్యూమ్ సాయం ఉండదు కనుక, లోపల కూర్చున్నవారు కారును ఆపగలరని లెక్క వేసుకోకండి.

కట్టడానికి నాలుగు మూలలకు నాలుగు రాట్చెట్ బెల్టులు (మీట ఆడిస్తూ బిగించేవి) కావాలి. బెల్టుకు కుట్టిన చీటీలో రెండు బరువులు ఉంటే, పెద్దది తెగే బరువు. మీరు నమ్మవలసింది చిన్నదాన్ని. టైర్ల మీదుగా వేసే బెల్టులు మంచివే గాని, మీ ముందు టైర్లలో గాలి తగ్గిన కొద్దీ అవి వదులవుతాయి కాబట్టి, ముందు వైపు సస్పెన్షన్ చేతులకు (చక్రాలను కారుకు కలిపే ఉక్కు కడ్డీలకు) కట్టడమే నయం. బంపరుకూ స్టీరింగ్ రాడ్లకూ తుప్పు పట్టిన బాడీ రంధ్రాలకూ కొక్కేలు తగిలించకండి. బ్రేకు పైపులు నలగకుండా చూడండి. పది కిలోమీటర్లు వెళ్లాక ఆగి అన్నింటినీ మళ్లీ బిగించండి. అప్పుడే చక్రాల హబ్బులకు చేతిని దగ్గరగా పెట్టి చూడండి. మిగతావి గోరువెచ్చగా ఉండగా ఒకటి మాత్రం కాలుతుంటే అక్కడి బేరింగో బ్రేకో చెడినట్టే.

లైసెన్సు వర్గం, అరువు తెచ్చిన ట్రెయిలర్‌కు బీమా వర్తించే తీరు దేశాన్ని బట్టి మారతాయి; బీమావారి జవాబును మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: ఈ మధ్య నేను తెచ్చిన కారుకు ఇంజను విప్పి డిక్కీలో పెట్టి ఉంది. మీలాంటివారు చెప్పినట్టే ముందు భాగం ముందుకు ఉండేలా ఎక్కించాను. అయినా గంటకు 70 కిలోమీటర్లు దాటగానే ట్రెయిలర్ పాములా ఊగింది. కారణమేమిటి?

జవాబు: ఇంజను ముందుకు ఉండాలన్నారు గాని, బానెట్ ముందుకు ఉండాలనలేదు కదా! మీ కారులో బరువు వెనక్కు మళ్లింది. బాల్ మీద పడవలసినది తగ్గి, ట్రెయిలర్ తోక బరువెక్కింది. ఇంజనును డిక్కీలోంచి తీసి ట్రెయిలర్ ముందు భాగంలో విడిగా కట్టి ఉంటే సరిపోయేది. కారును తిప్పి వెనక భాగం ముందుకు వచ్చేలా ఎక్కించినా ఫలితం ఉండేది. అయితే అప్పుడు ఎదురుగాలికి బానెట్ లేచిపోకుండా దాన్ని కట్టాలి. ఊగడం మొదలైతే బండి బ్రేకు గట్టిగా తొక్కకుండా, స్టీరింగును ఎదురు తిప్పే ప్రయత్నం చేయకుండా, తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదలండి. ట్రెయిలర్ బ్రేకులను విడిగా వేసే మీట ఉంటే దాన్ని మాత్రం మెల్లగా నొక్కండి. వేగం తగ్గాక ఆగి బరువు సర్దాలే గాని, అదే అమరికతో ‘నెమ్మదిగా పోదాం’ అనుకోకూడదు. పల్లంలో వేగం దానంతట అదే పెరుగుతుంది.

ప్రశ్న: ఇంటికి చేరాక కారును వాలులో దానంతట అదే జారనిచ్చి దింపవచ్చా?

జవాబు: వద్దు. ఎక్కించిన వించ్‌తోనే, తాడు బిగువుగా ఉంచి, అంగుళం అంగుళంగా దింపండి. బెల్టులు విప్పేది తాడు తగిలించాకే. చీకటి పడితే ఆ రాత్రికి కారును ట్రెయిలర్ మీదే ఉంచి, మీ మిత్రుడికి ఒక మాట చెప్పండి.