పై దవడ తీసేశాక ఆబ్చురేటర్: స్కానర్‌తో చేసేదా, అచ్చు తీసి చేసేదా?

మీ అమ్మగారికి పై దవడ ఒక పక్క తీసేస్తారని, ఆ ఖాళీని మూసే ప్లేటు, అంటే ఆబ్చురేటర్‌కు, నోట్లో స్కానర్ పెట్టి ఆకారం తీయడం మేలా, ముద్ద పెట్టి అచ్చు తీసే పాత పద్ధతి మేలా అని అడిగారు. నాకూ ఇదే ఆపరేషన్ అయింది, రెండు రకాలూ వాడాను.

ఆపరేషన్ ఇంకా కాలేదు కాబట్టి ముందు ప్రోస్థోడాంటిస్ట్‌ను (ఇలాంటి ప్లేట్లు, కట్టుడు పళ్లు చేసే డాక్టర్‌ను) కలవండి, ఆలస్యం చేయొద్దు. ఇప్పుడే స్కాన్ చేయిస్తే పళ్లు, అంగిలి అసలు ఆకారం ఫైల్లో ఉండిపోతుంది, ఆపరేషన్ థియేటర్‌లోనే పెట్టే మొదటి ప్లేటుకూ తర్వాతి వాటికీ పనికొస్తుంది. ఏ పళ్లు ఉంచొచ్చో సర్జన్, ఆయన కలిసి మాట్లాడుకోవాలి, ఎందుకంటే రేపు ఆబ్చురేటర్ పట్టు ఎక్కువగా ఆ మిగిలిన పళ్ల మీదే.

రేడియేషన్ తర్వాత నాకు నోరు సరిగా తెరుచుకోలేదు. అచ్చు ముద్ద పెట్టే ట్రే లోపలికి పోదు, ముద్ద ముక్క ఆ రంధ్రంలో ఇరుక్కుపోతుందేమోనని ఒకటే టెన్షన్. స్కానర్ కొన కూడా మరీ సన్నదేం కాదు గానీ ఆ బాధ తప్పింది. అది లోతుకు చూడలేదు, తడిగా ఉండి కదిలే చోట తడబడుతుంది, అందుకే సీటీ స్కాన్‌ను కూడా కలిపి కంప్యూటర్లో డిజైన్ చేశారు, పైభాగం బరువు లేకుండా బోలుగా చేశారు.

అయినా ఆ డిజైన్‌తో 3డీ ప్రింట్ చేసిన ప్లేటు నేరుగా పట్టేయలేదు. నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి, 'బాబు' అంటే 'మాము' అని వినిపించేది. డాక్టర్ అంచుల్లో మెత్తటి పదార్థం వేసి, తల అటూ ఇటూ తిప్పమని, మింగమని, నోరు తెరవమని, బుగ్గ కదిలిన చోటల్లా సరిచేశారు. అప్పుడు 'బాబు' బాబులా పలికింది! ఈ పని ఏ స్కానరూ చేయదు. కాబట్టి "మీ దగ్గర డిజిటల్ ఉందా" అని అడిగే కంటే "ఇచ్చాక ఎన్నాళ్లు సరిచేస్తూ ఉంటారు" అని అడగండి, కండ మానేకొద్దీ ఆకారం మారుతూనే ఉంటుంది. అందుకే చివరిది మామూలుగా 3 నుంచి 6 నెలలు ఆగి చేస్తారు, రేడియేషన్ ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు.

మొదట్లో ప్లేటు ఎక్కువసేపు తీసి ఉంచితే కండ కుంచించుకుని మళ్లీ ఎక్కదు, ఎంతసేపు తీయొచ్చో డాక్టర్నే అడగండి. నోరు తెరిచే వ్యాయామం మాత్రం వాళ్లు సరేనన్న రోజు నుంచే మొదలుపెట్టించండి, నొప్పని అమ్మగారు వద్దన్నా దగ్గరుండి చేయించండి. బిగుసుకుపోయాక తెరిపించడం చాలా కష్టం.