ఎడిటింగ్ నేర్చుకుంటే కూడు పెడుతుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. డిగ్రీ చివరి సంవత్సరం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కాబట్టి రెండూ చదవడం, రాయడం వచ్చు. మా ఊళ్లో రిటైరైన మాస్టారొకరు, చాలా ఏళ్లుగా కథలు రాస్తున్నవారు, ఆదివారాలు తమ ఇంట్లోనే కొద్దిమందికి పుస్తకాల ఎడిటింగ్ నేర్పుతున్నారు. నాకు చేరాలని ఉంది. నాన్న మాత్రం ‘ప్రూఫులు దిద్దుకుంటూ బతుకుతావా? బ్యాంకు పరీక్షలకు చదువుకో’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చేరండమ్మా. బ్యాంకు పుస్తకాలు మాత్రం అటకెక్కించకండి. మీ నాన్నగారి టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. ఎడిటర్‌ను పెట్టుకుని నెల నెలా జీతమిచ్చే తెలుగు ప్రచురణ సంస్థలు బహు తక్కువ. చాలామంది రచయితలు సొంత డబ్బుతోనే పుస్తకం వేసుకుంటారు. కాగితానికీ, ప్రెస్సుకీ, ముఖచిత్రానికీ పోగా ఎడిటర్‌కు మిగిలేది అంతంతమాత్రమే.

అయితే ప్రూఫులు దిద్దడమూ ఎడిటింగూ ఒకటేనని ఆయన అనుకుంటున్నట్టుంది. మీ ఊరి సంగతే చూడండి. 1930లో జరిగే కథలో ‘ఒడిశాలోని పర్లాకిమిడి’ అని ఉందనుకుందాం. అచ్చుతప్పేమీ లేదు కాబట్టి ప్రూఫ్ చూసేవారు దాటి వెళ్లిపోతారు. ఎడిటర్ అక్కడ ఆగాలి. అప్పటికి మీ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, ఒడిశాలోకి వెళ్లింది 1936 ఏప్రిల్ 1న. అలాగే 1985 నాటి కథలో ఎవరైనా ‘మా గజపతి జిల్లా’ అంటే కుదరదు. గంజాం నుంచి ఆ జిల్లాను విడదీసింది 1992లో. ఇలాంటివి పట్టుకోవడం మీలా అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు తేలిక.

ఇక రచయిత దగ్గరే నేర్చుకోవాల్సింది ఒకటుంది. ‘అతను ఇంటికి వెళ్లిన తర్వాత తన తల్లితో మాట్లాడటం జరిగింది’ అన్నదాన్ని ‘ఇంటికెళ్లాక అమ్మతో మాట్లాడాడు’ అని దిద్దడం త్వరగానే వచ్చేస్తుంది. వచ్చాక చెయ్యి ఊరుకోదు! కథలో ముసలమ్మ ‘ఏటైందే నీకు?’ అంటే ‘ఏమైంది నీకు?’ అని మార్చేస్తారు. దాంతో ఆ ముసలమ్మ టీవీలో వార్తలు చదివే మనిషిలా తయారవుతుంది. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి ఆ పని చేస్తే మరీ అన్యాయం. అదే ‘ఏటి’ పాత్రల మాటల్లో కాకుండా రచయిత కథనంలో ఒక్కచోట కనబడితే? పొరపాటున పడిందో, కావాలని రాశారో మీకు తెలియదు. కొట్టేయకుండా మార్జిన్‌లో పెన్సిల్‌తో ప్రశ్న రాసి రచయితకు పంపాలి. ఎక్కడ దిద్దాలి, ఎక్కడ అడగాలి, ఎక్కడ ముట్టుకోకూడదు అన్నది, తన రాతను పరాయివాళ్లు దిద్దితే ఎలా ఉంటుందో అనుభవించిన మనిషి పక్కన కూర్చుంటే బాగా వంటబడుతుంది.

చేరే ముందు మాస్టారిని ఒక్క మాట అడగండి, అసలైన రాతప్రతులు చేతికిస్తారా అని. ఉపన్యాసాలే అయితే హాయిగా విని రండి, కెరీర్ లెక్కలో వేసుకోకండి. తన పాత కథ చిత్తుప్రతినీ అచ్చైన ప్రతినీ పక్కపక్కన పెట్టి, ఏ పేరా ఎందుకు తీసేశారో చెప్పేవారైతే ఒక్క ఆదివారం కూడా మానొద్దు. సర్టిఫికెట్ గురించి బెంగ అక్కర్లేదు, ఈ పనిలో మీరు దిద్దిన పుస్తకాలే చూస్తారు. కాగితం కూడా కావాలనుకుంటే డిగ్రీ అయ్యాక ఇగ్నో పుస్తక ప్రచురణ పీజీ డిప్లొమా, నేషనల్ బుక్ ట్రస్ట్ స్వల్పకాలిక కోర్సుల గురించి వాకబు చేయండి.

మాస్టారి దగ్గర దొరక్కపోవచ్చు కాబట్టి కంప్యూటర్ పని విడిగా నేర్చుకోండి. ఫోన్లలో, ఇంటర్నెట్‌లో తెలుగు కనబడే యూనికోడ్‌లో వేగంగా టైప్ చేయడం, పుస్తకం పేజీలు అమర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ కొద్దిగా రావాలి. డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన ఫైలును యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోతుంటాయి. అవి చూసి పట్టుకోవాల్సింది మీరే.

మీ అసలు పెట్టుబడి ఒడియా. సాహిత్య అకాడెమీ, నేషనల్ బుక్ ట్రస్ట్ భారతీయ భాషల మధ్య అనువాదాలు వేస్తుంటాయి. ఒడియా మూలాన్ని పక్కన పెట్టుకుని తెలుగు అనువాదాన్ని వాక్యం వాక్యం సరిచూడగలవాళ్లు హైదరాబాదులో అంత సులువుగా దొరకరు. బరంపురం, రాయగడ, జయపురంలో రెండు భాషలూ వచ్చినవాళ్లకు కొదవ లేదు, ఈ పని ఒకటుందని తెలిసినవాళ్లే తక్కువ. పత్రికల డెస్కులు, పాఠ్యపుస్తకాలు, యాప్‌ల తర్జుమా కూడా దృష్టిలో పెట్టుకోండి.

పోయేది ఆదివారమే కదా, మిగతా ఆరు రోజులూ పరీక్షలకేనని నాన్నగారికి చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. ఏడాది తర్వాత ఇద్దరూ కూర్చుని మళ్లీ మాట్లాడుకోవచ్చు. ఈలోగా ఎవరైనా డబ్బిచ్చి పని చేయించుకుంటామంటే పేజీకి ఎంత, ఎన్నిసార్లు చూడాలి, డబ్బు ఎప్పుడిస్తారు అన్నవి ముందే కాగితం మీద పెట్టించుకోండి. తెలిసినవాళ్లని మొహమాటపడితే మూడోసారీ నాలుగోసారీ ఊరికే దిద్దిపెట్టాల్సి వస్తుంది.