ముప్పై ఏళ్ల మందు కొనే ముందు

చిరంజీవి వంశీకి, మామయ్య ఆశీస్సులు.

మీ మామగారి షష్టిపూర్తికి ముప్పై ఏళ్ల మెకాలన్ స్కాచ్ విస్కీ సీసా కొందామనుకుంటున్నానని, ఒకవేళ ఆయన తాగకపోయినా దాచుకుంటే రేటు పెరుగుతుందని మెసేజ్ పెట్టావు. లక్షల వ్యవహారం కదా, ఫోన్లో హడావిడిగా చెప్పడం ఇష్టం లేక రాస్తున్నాను. ఈ స్కాట్లాండ్‌లో నా ఉద్యోగమంతా అయిపోయింది. వీళ్ల మందు గురించి నాలుగు ముక్కలు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

ముందు ఆ రేటు ఎందుకో చూడు. స్కాచ్‌ని ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు నిల్వ ఉంచాలని ఇక్కడ చట్టం. సీసా మీద 12 అని ఉంటే, అందులో కలిపిన వాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు 12 అన్నమాట. పీపాలో ఉన్నన్నాళ్లూ ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. ఆ లెక్కన 200 లీటర్ల పీపాలో 12 ఏళ్లకు 157 లీటర్లు మిగిలితే, 30 ఏళ్లకు 109 మిగులుతాయి. సరుకు తగ్గింది మూడో వంతు లోపే. ధర మాత్రం? ఇక్కడ మామూలు 12 ఏళ్ల సీసా 40 పౌండ్లకు అటూ ఇటూగా దొరుకుతుంది, నువ్వు చెప్పినదానికి వేల పౌండ్లు పెట్టాలి. ఆ తేడాలో ముప్పై ఏళ్లు డబ్బు ఇరుక్కుపోయినందుకు వడ్డీ ఉంది, కంపెనీ పేరుంది, చెక్కపెట్టె ఉంది. రుచి వాటా నువ్వనుకున్నంత లేదు.

రుచి కూడా వయసుతో పాటు పెరుగుతూనే పోదు. మొదటి పది పదిహేనేళ్లలో పీపా ఇవ్వాల్సిన మంచి చాలావరకు ఇచ్చేస్తుంది. తర్వాత ఒక్కో పీపాది ఒక్కో దారి. కొన్ని అద్భుతంగా తేలతాయి, కొన్నిటిలో చెక్కే మిగులుతుంది. నేను రుచి చూసిన ఒక నలభై ఏళ్లదానిలో మొదట ఎండు ఖర్జూరం, నారింజ తొక్క తగిలాయి. ఆ వెనకే కరక్కాయ నమిలినట్టు నాలుకంతా వగరు. అదే బట్టీవాళ్ల 15 ఏళ్లది పక్కనే ఉంటే, రెండో గుక్కకి నా చెయ్యి దానివైపే పోయింది.

మన ఎండల్లో అయితే ఈ లెక్కే వేరు. బెంగళూరులో అమృత్ అనే విస్కీ కంపెనీ వాళ్ల పీపాల్లో ఏడాదికి 10 శాతం పైనే ఆవిరైపోతుంది. 12 ఏళ్లు ఉంచితే మిగిలేది పావు వంతు. అందుకే మన మాల్టుల మీద, అంటే మొలకెత్తిన బార్లీతో చేసే విస్కీల మీద, పెద్ద అంకెలు కనిపించవు. అంత మాత్రాన అవి పసిమందు కాదు. అమృత్ సింగిల్ మాల్టుని 2004లో మొదట విడుదల చేసింది మా గ్లాస్గోలోనే.

ఇక రేటు పెరుగుతుందన్న మాట. 2023 నవంబరులో లండన్ సాదబీస్ వేలంలో 1926 నాటి మెకాలన్ ఒకటి 21 లక్షల పౌండ్లు దాటి పలికింది. ఆ వార్తలు చూసే చాలామందికి ఆశ పుడుతుంది. అది ఒకే పీపా నుంచి 1986లో నింపిన 40 సీసాల్లో ఒకటి. నువ్వు కొనేది ఏటా మార్కెట్లోకి వచ్చే సరుకు. పైగా 2022 తర్వాత వేలాల్లో పాత సీసాల ధరలు బాగా దిగాయి. సీసాలోకి ఎక్కాక మందు వయసు పెరగదు కూడా. పదేళ్లు బీరువాలో ఉన్నా అది ముప్పై ఏళ్లదే. అన్నిటికంటే ముఖ్యం, మన దగ్గర లైసెన్సు లేకుండా మందు అమ్మడం నేరం. లాభం వచ్చినా హైదరాబాద్‌లో ఎవరికి అమ్ముతావురా?

వాట్సాప్‌లో "తెలిసినవాళ్ల దగ్గర పాత సీసా ఉంది" అనేవాళ్ల జోలికి అసలు పోకు. 2017లో స్విట్జర్లాండ్ సెయింట్ మోరిట్జ్‌లోని ఒక హోటల్లో చైనా రచయిత ఒకాయన 1878 నాటి మెకాలన్ అని ఒక్క పెగ్గుకి 9,999 ఫ్రాంకులు పెట్టాడు. ఆ ఫోటో చూసినవాళ్లు బిరడా, లేబులు తేడాగా ఉన్నాయన్నారు. హోటల్ వాళ్లే శాంపిల్ స్కాట్లాండ్‌కి పంపారు. అణుపరీక్షల తర్వాత గాలిలో పెరిగిన రేడియోధార్మిక కార్బన్ బార్లీలోకీ, దాన్నుంచి మందులోకీ చేరుతుంది కాబట్టి వయసు దొరికిపోతుంది. తేలింది 1970 దరిదాపుల సరుకని. పాపం, ఆ హోటలాయన డబ్బు తిరిగిచ్చేశాడు. నీకు అంత మర్యాదస్తుడు తగలడు.

అయితే పాతది కొనొద్దా అంటే, తాగడానికైతే కొను. మీ మామగారు సోడా, నాలుగు ఐసు ముక్కలు, పక్కన మిర్చి బజ్జీ లేకుండా గ్లాసు ముట్టరు. ఆయన పద్ధతి ఆయనది, తప్పు పట్టను. కానీ అందులో ముప్పై ఏళ్లదీ పన్నెండేళ్లదీ ఒకటే. ఆయనకి గ్లెన్‌ఫార్‌క్లాస్ 25 ఏళ్లది తీసుకో. 1865 నుంచీ ఒకే కుటుంబం నడుపుతున్న బట్టీ, షెర్రీ అనే స్పెయిన్ వైన్ ఉంచిన పీపాల వాసన నిండుగా ఉంటుంది, రేటు మెకాలన్ ముప్పైలో చిన్న ముక్క. పెట్టె మీద 25 అని పెద్దగా ఉంటుంది, నలుగురిలో ఇచ్చినా బాగుంటుంది. హోమం అయ్యాక ఇవ్వు.

హైదరాబాద్ షాపులో కాకుండా ఇక్కడ కొంటే నయం. మన దగ్గర స్కాచ్ మీద దిగుమతి సుంకం 150 శాతం ఉండేది. 2025 జూలైలో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందంలో దాన్ని 75కి, పదేళ్లలో 40కి దించుతామని రాసుకున్నారు. రాష్ట్రం పన్నులు ఎటూ ఉంటాయి. నీతో రెండు లీటర్ల వరకు తెచ్చుకోవచ్చు, కానీ సీసా ధర కూడా నీ సామాను విలువలో కలుస్తుంది. బిల్లు పారేయకు.

సీసాని పడుకోబెట్టొద్దు, నిలబెట్టే ఉంచాలి. లేకపోతే ఘాటుకి బిరడా పాడవుతుంది. మూత తీశాక ఏడాది లోపు అవగొట్టమని మామగారికి చెప్పు, సగం ఖాళీ అయ్యాక గాలికి చప్పబడుతుంది.

జూన్‌లో వస్తున్నావుగా, హోప్ స్ట్రీట్‌లో పాట్ స్టిల్ అనే బార్ ఉంది. 25 మిల్లీలీటర్ల కొలతలో వయసైనవి కూడా పోస్తారు. ముందు అక్కడ రుచి చూసి, ఆ తర్వాత కార్డు తియ్యి. సీసా సూట్‌కేసులో పెట్టుకోవడానికి బబుల్ ర్యాప్ నా దగ్గర బోలెడుంది, అది మాత్రం కొనకు.

మామయ్య